కొండ దిగాక బ్రేక్ పెడల్ అడుగుకు పోయింది, ఇప్పుడు స్టీరింగ్ వణుకుతోంది: మాస్టర్ సిలిండర్ మార్చాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. చిత్తూరు నుంచి 2010 మోడల్ డీజిల్ ఎంపీవీలో ఏడుగురు తిరుమల వెళ్లారు. దిగి వచ్చి, అలిపిరి దాటాక టీకి ఆపారు. మళ్లీ బయల్దేరబోతే పెడల్ మెత్తగా అడుగుదాకా పోయింది. గంట ఆగితే మామూలైపోయింది. ఆ రోజు నుంచి పూతలపట్టు హైవే మీద ఎనభై దాటాక బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణుకుతోంది. షెడ్డులో చూపిస్తే మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే ఆయిల్‌ను చక్రాలకు నెట్టేది), బూస్టర్ (వాక్యూమ్‌తో కాలి బలాన్ని పెంచేది), ముందు డిస్కులు అన్నీ మార్చాలన్నారు. మార్చాలా, లేక బండే అమ్మేయాలా అన్నది మీ సందేహం.

ఇప్పుడే ఏమీ మార్చకండి, అమ్మాల్సిన పనీ లేదు. కానీ బ్రేక్ ఆయిల్ మొత్తం మార్చకుండా ఆ బండితో మళ్లీ ఘాట్ రోడ్డుకు మాత్రం వెళ్లొద్దు. మాది తిరుపతి. మా ఇంట్లోనూ మీలాంటి పాత డీజిల్ బండే ఉంది, ఎనిమిది సీట్లది. మా మామయ్య చాలా ఏళ్లు కొండకు ట్యాక్సీ నడిపారు. బండి బ్రేకుల గురించి నాకు తెలిసినదంతా ఆయన పక్కన కూర్చునీ, షెడ్డులో చక్రాలు విప్పుతుంటే చూసీ నేర్చుకున్నదే. మీరు చెప్పినలాంటి కేసు ఇక్కడ షెడ్డులకు మామూలే.

ముందు, ఆ రోజు ఏం జరిగిందో చూద్దాం. తిరుమల సుమారు 970 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి నుంచి కిందికి దాదాపు 800 మీటర్లు దిగుతాం. మనుషులు, సామానుతో కలిపి రెండు టన్నుల బండి అంత ఎత్తు దిగితే వెలువడే శక్తి నాలుగు యూనిట్ల కరెంటుకు పైనే ఉంటుంది. అదంతా ఎక్కడో ఒకచోట వేడిగా మారాల్సిందే. గేరులో దిగితే ఇంజిన్ కొంత భరిస్తుంది, గాలి కొంత తీసుకుంటుంది. టాప్ గేరులోనో న్యూట్రల్‌లోనో దిగితే దాదాపు మొత్తం బ్రేకుల మీదే పడుతుంది.

ఆ వేడి డిస్కును నొక్కే ప్యాడ్ల నుంచి వాటిని పట్టి ఉంచే క్యాలిపర్‌కు, అక్కడి నుంచి లోపలి ఆయిల్‌కు పాకుతుంది. బ్రేక్ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. డాట్ అంటే బ్రేక్ ఆయిల్ గ్రేడు. కొత్త డాట్ 3 ఆయిల్ 205 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం. నీరు 3.7 శాతానికి చేరితే అదే ఆయిల్‌కు ఆ హద్దు 140 డిగ్రీలే. డాట్ 4 కు ఇవి 230, 155. ఆయిల్ మరిగితే లైనులో ఆవిరి బుడగలు వస్తాయి. ద్రవం నొక్కితే నలగదు గానీ ఆవిరి నలుగుతుంది. అందుకే మీ కాలికి పెడల్ మెత్తగా తగిలి కిందికి పోయింది.

ఇక్కడ చాలామందికి తట్టని విషయం ఒకటి ఉంది. దిగుతున్నంతసేపు చక్రాలకు గాలి తగులుతూ ఉంటుంది. బండి ఆపగానే ఆ గాలి ఆగిపోతుంది, డిస్కులో నిలిచిన వేడి మెల్లగా ఆయిల్‌లోకి దిగుతుంది. అందుకే దారిలో బాగానే ఉన్న పెడల్ టీ తాగి వచ్చేసరికి పోయింది. గంటలో ఆవిరి చల్లబడి మళ్లీ ద్రవమైంది కాబట్టి మామూలుగా అనిపించింది. మర్నాడు షెడ్డుకు తీసుకెళ్తే వాళ్లకు ఏ లోపమూ కనబడదు. అప్పుడు అంచనాతో మాస్టర్ సిలిండర్ పేరు చెబుతారు.

మాస్టర్ సిలిండర్ నిజంగా పోయిందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. బండి చల్లగా ఉన్నప్పుడు ఇంజిన్ ఆన్ చేసి, పెడల్‌ను ఒకే బలంతో ఒక నిమిషం నొక్కి పట్టుకోండి. కాలి కింద మెల్లమెల్లగా దిగిపోతూ ఉంటే, బయట ఎక్కడా లీకు కనబడకపోతే, లోపలి సీళ్లు అరిగినట్టే. దిగకుండా గట్టిగా నిలబడితే దాని జోలికి పోవద్దు. బూస్టర్‌కు ఇంకో పరీక్ష. ఇంజిన్ ఆపి, పెడల్ గట్టిపడేదాకా నాలుగైదు సార్లు నొక్కండి. కాలు తీయకుండా స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం లోపలికి దిగాలి. దిగలేదంటే బూస్టర్ గానీ, దానికి వెళ్లే గొట్టం గానీ, వాక్యూమ్ పంపు గానీ చూడాలి. డీజిల్ బండ్లలో వాక్యూమ్ కోసం విడిగా పంపు ఉంటుంది, గొట్టం చీలినా పంపు అరిగినా లక్షణం ఒకేలా కనబడుతుంది. ముందు గొట్టం చూడండి, అది చవక. అయినా బూస్టర్ పోతే పెడల్ రాయిలా గట్టిపడుతుంది, మెత్తబడదు. మీ లక్షణానికీ దానికీ పొంతన లేదు.

ఇక వణుకు. దీనికి డిస్క్ వంకరపోయిందని అందరూ అంటారు. చాలాసార్లు జరిగేది అది కాదు. డిస్క్ మందం చుట్టూ ఒకేలా లేకపోవడమే కారణం. మిల్లీమీటరులో వందో వంతులు రెండు మూడు తేడా వచ్చినా హైవే వేగంలో స్టీరింగ్‌కు తెలుస్తుంది. ఎలా వస్తుందంటే, బాగా కాలిన డిస్క్ మీద ప్యాడ్‌ను కదలకుండా నొక్కి ఉంచితే ప్యాడ్ పదార్థం అక్కడ అంటుకుపోతుంది. కొండ దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలన్న నిబంధన మీకు తెలిసే ఉంటుంది, పైన టోల్ గేటు దగ్గర టైము వేస్తారు. కొందరు పై వంపుల్లో వేగంగా వచ్చేసి, కింద టైము కలవక రోడ్డు పక్కన ఆగుతారు. వాలులో ఆగారు కాబట్టి పెడల్ మీద కాలు అలాగే ఉంటుంది. డిస్కుకు అంతకన్నా హాని లేదు. మీరు ఆ రోజు అలా ఆగారో లేదో నాకు తెలియదు గానీ, మెత్తటి పెడల్, వణుకు ఒకే రోజు మొదలయ్యాయంటే రెండింటికీ మూలం ఆ వేడే అని నా నమ్మకం.

పొగ వస్తోందని కాలిన చక్రాల మీద బాటిల్ నీళ్లు పోసేవాళ్లను కూడా చూస్తుంటాం. దయచేసి అలా చేయొద్దు, మీ డ్రైవర్‌నూ చేయనివ్వొద్దు. ఇనుము ఒక్కసారిగా చల్లబడితే పగుళ్లు రావచ్చు.

వణుకు కోసం నేరుగా కొత్త డిస్కులు కొనక్కర్లేదు. ముందు చక్రం విప్పి, డిస్క్ కూర్చునే హబ్ ముఖం మీద తుప్పు ఉందేమో చూడమనండి. మధ్యలో తుప్పు పొర ఉంటే కొత్త డిస్క్ వేసినా ఊగుతుంది, కొన్ని వేల కిలోమీటర్లకే వణుకు తిరిగొస్తుంది. డిస్క్ మందం కొలిపించండి. కనీస మందం ఎంత ఉండాలో చాలా డిస్కుల మీదే చెక్కి ఉంటుంది. దానికి పైన తగినంత మిగిలి ఉంటే లేత్ మీద సమం చేయించి కొత్త ప్యాడ్లు వేసుకోవచ్చు. మిగల్లేదంటే మార్చాల్సిందే, అప్పుడు రెండు వైపులా ఒకేసారి మార్చండి. పని చేయించేటప్పుడే క్యాలిపర్ జారే పిన్నులు ఊడదీసి శుభ్రం చేయించి, బ్రేకులకు వాడే వేడి తట్టుకునే గ్రీజు పెట్టించండి. మామూలు గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది. పిన్ను పట్టేసిన బండి ఒక పక్కకు లాగుతుంది, లోపలి ప్యాడ్ అరిగిపోయి బయటిది కొత్తగా కనబడుతుంది. చక్రం సందులోంచి బయటి ప్యాడ్ చూసి బాగుందని చెప్పే షెడ్డును నమ్మొద్దు.

నన్ను అడిగితే, అసలు చూడాల్సింది వెనక డ్రమ్ములు. క్వాలిస్, టవేరా, పాత ఇన్నోవా, ఈకో, దేనికైనా ముందు డిస్క్, వెనక డ్రమ్ (లోపలి నుంచి షూలు ఒత్తే గిన్నె లాంటి భాగం). ముందు ప్యాడ్లు సర్వీసుకు ఒకసారైనా ఎవరో ఒకరు చూస్తారు. వెనక డ్రమ్ కొట్టి ఊడదీయాలి, లోపలంతా దుమ్ము, అందుకని ఏళ్ల తరబడి ఎవరూ తెరవరు. మా బండికి డ్రమ్ములు తెరిపించినప్పుడు ఒక పక్క ఆటో అడ్జస్టర్ తుప్పుతో పట్టేసి ఉంది. షూ అరిగే కొద్దీ ఆ అడ్జస్టర్ దాన్ని డ్రమ్‌కు దగ్గరగా జరుపుతూ ఉండాలి. జరపకపోతే షూకూ డ్రమ్‌కూ మధ్య దూరం పెరుగుతుంది, పెడల్ సగం దిగాక గానీ బ్రేక్ పట్టదు, హ్యాండ్ బ్రేక్ పైదాకా లాగాల్సి వస్తుంది. వెనక చక్రాలు తమ వాటా పని చేయకపోతే ఆ భారం ముందు డిస్కుల మీద పడి అవి ఇంకా కాలతాయి. ఏడుగురిని ఎక్కించిన బండిలో వెనక బ్రేకుల వాటా తక్కువేమీ కాదు. అడ్జస్టర్ శుభ్రం చేసి, షూలు సరిచేశాక మా బండి పెడల్ ఎంత పైకి వచ్చిందో, మళ్లీ ఘాట్ దిగినప్పుడు ముందు చక్రాల దగ్గర వాసన ఎంత తగ్గిందో నాకు ఇప్పటికీ గుర్తే.

డ్రమ్ తెరిచినప్పుడు షూలను నెట్టే వీల్ సిలిండర్ రబ్బరు మూత కొంచెం ఎత్తి చూడమనండి. లోపల తడి ఉంటే సీలు పోయినట్టే. తడి సిలిండర్ దగ్గర కాకుండా యాక్సిల్ వైపు నుంచి వచ్చి, గంధకం లాంటి ఘాటు వాసన కొడితే అది గేర్ ఆయిల్, యాక్సిల్ సీలు మార్చాలి. ఈ రెండింటిలో ఏ ఆయిల్ తడిసినా షూలను పెట్రోలుతో కడిగి మళ్లీ వేస్తామంటారు. ఒప్పుకోవద్దు, షూ మీది లైనరు పీల్చుకున్న ఆయిల్ వేడెక్కినప్పుడు మళ్లీ పైకి వస్తుంది. లోడును బట్టి వెనక బ్రేకుకు ఒత్తిడి పంచే వాల్వ్ కూడా ఇలాంటి చాలా బండ్లలో యాక్సిల్ దగ్గర ఉంటుంది. దాని కడ్డీ తుప్పుతో బిగుసుకుందేమో చేత్తో కదిపి చూస్తే తెలుస్తుంది.

రబ్బరు గొట్టాలు పదిహేనేళ్లవైతే పగుళ్లు లేకపోయినా మార్చేయండి. లోపల ఉబ్బిన గొట్టం ఆయిల్‌ను వెళ్లనిస్తుంది, వెనక్కి రానివ్వదు. కాలు తీసినా బ్రేక్ పట్టుకునే ఉంటుంది. ఒక చక్రం మిగతావాటికన్నా ఎక్కువ కాలుతుంటే జాకీ మీద లేపి తిప్పండి. బిగుసుకుని ఉంటే ఆ చక్రం బ్లీడర్ నట్ (ఆయిల్ బయటికి వదిలేది) కొంచెం వదులు చేయించండి. వెంటనే చక్రం తిరిగితే ఒత్తిడి గొట్టంలోనో పైనో నిలిచిందన్నమాట, తిరగకపోతే క్యాలిపరే పట్టేసింది.

ఆయిల్ విషయంలో రెండేళ్లకోసారి మార్పు తప్పనిసరి అనుకోండి. ట్యాంకు మూత మీద ఏ డాట్ రాసి ఉంటే అదే, లేదంటే డాట్ 3 చోట డాట్ 4 వాడొచ్చు. డాట్ 5 మాత్రం వేరే జాతి, సిలికాన్‌ది, దీంతో కలపకూడదు. పైన ట్యాంకులోది లాగేసి కొత్తది పోస్తే మార్చినట్టు కాదు. కాలేది క్యాలిపర్ల దగ్గరి ఆయిల్, అది బయటికి రావాలంటే నాలుగు చక్రాల దగ్గరా బ్లీడ్ చేసి, రంగు తేటపడేదాకా వదలాలి. సీలు వేసిన చిన్న డబ్బా మీ కళ్ల ముందు తెరిపించండి. షెడ్డులో ఎప్పుడో మూత తీసిన డబ్బా అప్పటికే తేమ పట్టి ఉంటుంది.

ఇవన్నీ చేయించినా దిగే పద్ధతి మారకపోతే లాభం లేదు. మనం కిందికి వచ్చేది 1944లో వేసిన పాత ఘాట్‌లో. 1974లో వచ్చిన రెండో ఘాట్ ఎక్కడానికే. పాతదాని వంపులు బిగువుగా ఉంటాయి. దాదాపు 19 కిలోమీటర్లకు 40 నిమిషాలంటే సగటున గంటకు 30 కూడా రాదు, అంటే రెండో గేరులో సాఫీగా దిగితే టైము దానంతట అదే సరిపోతుంది. మామయ్య ఎప్పుడూ చెప్పే మాట, ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ అదే. వంపుకు ముందు గట్టిగా ఒకసారి నొక్కి వదలాలి, కాలు తేలిగ్గా ఆనించి కొండంతా దిగకూడదు. ఇంజిన్ ఎప్పుడూ ఆపొద్దు, బూస్టర్, స్టీరింగ్ రెండూ బరువెక్కుతాయి. న్యూట్రల్‌లో డీజిల్ మిగులుతుందన్నదీ నిజం కాదు. ఈ ఇంజిన్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే ఇంధనం ఆగిపోతుంది, న్యూట్రల్‌లోనే ఐడ్లింగ్‌కు ఖర్చవుతుంది.

మళ్లీ ఎప్పుడైనా దిగుతుంటే పెడల్ మెత్తబడిందనుకోండి. వెంటవెంటనే పంపు చేసినట్టు నొక్కండి, గేరు తగ్గించండి, హ్యాండ్ బ్రేక్ మెల్లగా లాగుతూ కొండ వైపు ఆపండి. ఆపాక చక్రాలకు రాళ్లు పెట్టి కనీసం గంట కదలొద్దు. పెడల్ గట్టిగానే ఉండి బండి ఆగకపోతే అది వేరు, ప్యాడ్లు కాలి పట్టు వదిలేశాయి, ఆయిల్ తప్పు కాదు. ఏది జరిగిందో గుర్తుపెట్టుకుని షెడ్డులో అదే మాట చెప్పండి.

మీరు ముందుగా చల్లగా ఉన్నప్పుడు పెడల్ నొక్కి పట్టే పరీక్ష చేసి, వెనక డ్రమ్ములు రెండూ తెరిపించండి. డిస్క్ మందం, షూల స్థితి కింద రాస్తే ఏది మార్చాలో, ఏది వద్దో చూసి చెబుతాను.