లాటిన్, గ్రీకు మైనర్: రెండూ ఒకేసారి వద్దు

ప్రశ్న: మా బిడ్డకు అమెరికాలో బీఎస్ కంప్యూటర్ సైన్స్ సీటు వచ్చింది, ఆగస్టులో ప్రయాణం. పక్కన లాటిన్, గ్రీకు మైనర్ కూడా చేస్తానంటోంది. ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం. డబ్బు, టైమ్ దండుగ కాదా?
– ఒక తండ్రి, హన్మకొండ

జవాబు: దండుగ కాదండి. కానీ రెండు భాషలూ కలిపి మొదలుపెట్టనివ్వకండి. మైనర్ అంటే ప్రధాన సబ్జెక్టు (మేజర్) పక్కన చేసే చిన్న సబ్జెక్టు. చాలా కాలేజీల్లో అది 15 నుంచి 18 క్రెడిట్లు, అంటే ఐదారు కోర్సులు. ఒక్క లాటిన్‌లోనే అసలు రచనలు చదివే స్థాయికి రావడానికి మూడు, నాలుగు సెమిస్టర్లు పడుతుంది. ఉన్న కోర్సులను రెండు భాషలకు పంచితే రెండూ వ్యాకరణం దగ్గరే ఆగిపోతాయి. ముందు లాటిన్ పట్టుకోమనండి.

డిగ్రీలో హ్యుమానిటీస్, విదేశీ భాష కింద ఎలాగూ కొన్ని కోర్సులు చేయాల్సి ఉంటుంది. లాటిన్ కోర్సులు ఆ లెక్కకూ మైనర్‌కూ రెండింటికీ చెల్లుతాయా అని అడ్వైజర్‌ను ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోవాలి. చెల్లితే అదనపు ఫీజు భారం బాగా తగ్గుతుంది. మొదటి కోర్సు చాలాచోట్ల ఆగస్టు ప్రాంతంలో వచ్చే ఫాల్ సెమిస్టర్‌లోనే మొదలవుతుంది. అది తప్పితే ఏడాది ఆగాల్సిందే. గ్రేడు లేకుండా పాస్–ఫెయిల్ పద్ధతిలో తీసుకున్న కోర్సును మైనర్‌కు లెక్కపెట్టని కాలేజీలే ఎక్కువ.

మైనర్ ఒక్కటీ చూసి ఉద్యోగం ఇచ్చేవారు ఉండరు. చదువు అయ్యాక అక్కడ పనిచేయడానికి ఇచ్చే 12 నెలల అనుమతి (ఓపీటీ) మీద స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) వాళ్లకు దొరికే మరో 24 నెలలు మేజర్‌ను బట్టే వస్తాయి. మైనర్ వల్ల అవి పెరగవు, పోవు.

ఇక అసలు చదువు. సంస్కృతం మార్కుల కోసం బట్టీ పట్టిందా, అర్థమై చదివిందా? రామశబ్దం అడిగి చూడండి. ఎనిమిది విభక్తులు, మూడు వచనాలు, మొత్తం 24 రూపాలు. ఏది ఎక్కడ వాడాలో చెప్పగలిగితే లాటిన్‌లోని ఆరు విభక్తులు ఆమెను భయపెట్టవు.

‘పొయేతమ్ రేగీన లౌదత్’ అంటే ‘కవిని రాణి పొగుడుతుంది’. మాటల వరస కూడా తెలుగుదే, ఆ చివరి ‘మ్’ మన ‘ని’ చేసే పనే చేస్తోంది. ఇదే వాక్యాన్ని ఇంగ్లిష్ వరసలో చదివినవారు మొదటి మాటను కర్త అనుకుని, కవే రాణిని పొగిడాడని రాసేస్తారు. అందుకే ముందు తెలుగులో అర్థం చేసుకుని, ఆ తర్వాత ఇంగ్లిష్‌లో రాయమనండి.

ఎక్కువమంది తడబడేది మూడో డిక్లెన్షన్ (నామవాచకాల మూడో వర్గం) దగ్గర. రాజును ‘రేక్స్’ అంటారు, రాజు యొక్క అనాలంటే ‘రేగిస్’. మొదటి రూపం చూసి రెండోది ఊహించలేం. మన ‘ఇల్లు–ఇంటి’, ‘ఏరు–ఏటి’ లాంటిదే. కొత్త నామవాచకాన్ని ఎప్పుడూ జంటగానే నేర్చుకోవాలి. ఒక్క రూపమే రాసుకున్న నోటుబుక్కు మిడ్‌టర్మ్ నాటికి పనికిరాదు. రోజూ గంట, పది పదిహేను మాటలు చాలు. వారమంతా వదిలేసి ఆదివారం ఆరు గంటలు కూర్చుంటే మాత్రం నిలవదు.

గ్రీకు మూడో ఏడాదిలో, ఇష్టం నిలిచి ఉంటేనే. అందులో ఎ–ఏ, ఒ–ఓలకు వేర్వేరు అక్షరాలున్నాయి. సంస్కృతంలో లేని ఆ హ్రస్వ ఎ, ఒలు తెలుగులో ఉన్నాయి కనుక మనకు చెవికి కొత్త కాదు. ద్వివచనం, ఆత్మనేపదం లాంటివి కూడా సంస్కృతం చదివినవారికి పాత పరిచయమే.

ఆంధ్రులకు 30 కోటలు, లక్ష కాల్బలం, 2 వేల గుర్రపు దళం, వెయ్యి ఏనుగులు ఉండేవన్న మాట గ్రూప్స్‌కు చదివే వారందరికీ తెలుసు. మౌర్యుల కాలంలో వచ్చిన గ్రీకు రాయబారి మెగస్తనీస్ చెప్పాడని చదువుకుంటాం. ఆయన గ్రీకు పుస్తకం ‘ఇండికా’ పూర్తిగా మనకు దక్కలేదు. ఆ లెక్క మన దాకా వచ్చింది క్రీ.శ. 1వ శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ లాటిన్‌లో రాసిన ‘నేచురల్ హిస్టరీ’ ఆరో భాగం ద్వారా. రెండేళ్లు శ్రద్ధగా చదివితే, ఆ వాక్యాలను నిఘంటువు పక్కన పెట్టుకుని మీ బిడ్డే స్వయంగా చదువుకోగలదు.