నేపాల్‌లో నాకు ప్రోత్సాహం దొరికిన చోటు

కొద్ది రోజుల క్రైస్తవ సేవకు విదేశాలకు వెళ్తే నిజంగా ప్రోత్సాహం దొరుకుతుందా, లేక టికెట్ల ఖర్చే మిగులుతుందా అని మీ బృందం అడిగారు. దొరుకుతుంది. కాకపోతే చాలామంది దాన్ని స్టేజీ మీద వెతుక్కుంటారు.

భూకంపం తర్వాత మా సంఘం నుంచి కొందరం నేపాల్‌లోని ధాదింగ్ జిల్లాకు వెళ్లాం. సికింద్రాబాద్ నుంచి రక్సౌల్ దాకా రైలు, సరిహద్దు దాటితే బీర్‌గంజ్, అక్కడి నుంచి బస్సు. 2015 ఏప్రిల్ 25న ఆ భూకంపం వచ్చింది శనివారం, మధ్యాహ్నం పన్నెండు కావస్తుండగా. అక్కడ వారం సెలవు శనివారమే కాబట్టి సంఘాలు ఆరాధనకు కూడేదీ ఆ రోజే. దాదాపు 9 వేల మంది చనిపోయారు. ప్రార్థనలో కూర్చున్నచోటే పోయినవాళ్లూ ఉన్నారు.

అప్పటికి నా పరిస్థితి ఏమంత బాగాలేదు. మా సంఘంలో స్థలం గొడవ కోర్టుకెక్కింది. పక్కపక్కన కూర్చుని పాటలు పాడినవాళ్లే ఒకరి మీద ఒకరు కేసులు పెట్టుకున్నారు. ఆదివారం వస్తోందంటేనే టెన్షన్. ఆ మనసుతోనే బయల్దేరాను.

మా పని రాళ్లు మోయడం. డోకో అనే వెదురుబుట్టలో రాళ్లు నింపి, దాని పట్టీ నుదుటికి తగిలించుకుని గట్టెక్కాలి. నాకు సగం బుట్టకే మెడ పట్టేసేది. అక్కడి ఆడవాళ్లు నిండు బుట్టతో మాట్లాడుకుంటూ ఎక్కిపోయేవాళ్లు.

మేము దిగింది తమాంగ్ అనే తెగకు చెందిన ఒక పెద్దావిడ ఇంట్లో. ఆమా, అంటే అమ్మ అని పిలిచేవాళ్లం. ఇల్లంటే నాలుగు రేకులు. ఒక సాయంత్రం ఆవిడ ఎసట్లో బియ్యం పోయబోతూ ఆగి, ఒక గుప్పెడు తీసి మూలనున్న పాలపొడి డబ్బాలో వేశారు. డబ్బా అడుగున తుప్పు, మూత పోతే మూతకు బదులు అట్టముక్క. లోపల బియ్యంతో పాటు మొక్కజొన్న గింజలు, చోళ్లు కూడా ఉన్నాయి. ఏ పూట ఏది వండితే అందులోంచి ఒక గుప్పెడు. నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. గుంటూరు జిల్లాలో మా ఊళ్లో మా అమ్మ కూడా అంతే, పొయ్యి మీద అన్నం పెట్టే ముందు దేవుని గుప్పెడు తీసి పక్కన పెట్టేది, ఆదివారం గుడికి పట్టుకెళ్లేది.

హిందీ వచ్చిన అక్కడి పాస్టర్ గారిని మధ్యలో పెట్టుకుని, ఈ డబ్బా ఎప్పటి నుంచి అని అడిగాను. ఆవిడ భర్త ఆ శనివారమే గోడ కింద పడి పోయారట. తర్వాతి శనివారం పొలంలో టార్పాలిన్ కింద ఆరాధన పెడితే ఆవిడ డబ్బా పట్టుకునే వెళ్లారట. సాయంగా వచ్చిన బియ్యంలోంచే గుప్పెడు తీశారు! ఆ మాట ఆవిడ గొప్పగా ఏమీ చెప్పలేదు, కూర కలుపుతూ చెప్పారు. తర్వాత మా పిల్లల పేర్లు అడిగి, నోరు తిరగకపోయినా ఒక్కొక్కటీ పలుకుతూ ప్రార్థన చేశారు. నేను ఏడ్చాను. మా సంఘం కోర్టు కేసు నేను ఇంటికొచ్చాక కూడా నడిచింది, కానీ నేను మాత్రం ఆ తర్వాత ఏ ఆదివారమూ గుడి మానలేదు.

బైబిల్లో అపొస్తలుడైన పౌలు థెస్సలొనీక పట్టణంలో ఉన్నదీ కొద్దికాలమే. ఆ సంఘం శ్రమల్లో ఉందని, వాళ్లను బలపరచడానికి తన తోటి సేవకుడు తిమోతిని పంపాడు. తిమోతి వెనక్కి వచ్చి వాళ్ల విశ్వాసం గురించి చెప్తే ఆదరణ పొందింది పౌలు. మొదటి థెస్సలొనీకయుల పత్రిక మూడో అధ్యాయం మీ బృందమంతా కలిసి చదువుకోండి.

ఫొటోల సంగతి కూడా చెప్పాలి, ఇది నాకు మంట. 2018 ఆగస్టు నుంచి నేపాల్‌లో అమల్లో ఉన్న శిక్షాస్మృతి ప్రకారం మతం మార్పించడం నేరం, అయిదేళ్ల దాకా జైలు. మీరు సరదాగా ఫేస్‌బుక్‌లో పెట్టే "ఇంతమంది రక్షింపబడ్డారు" అన్న ఫొటో అక్కడి పాస్టర్ గారి మెడకు చుట్టుకుంటుంది. మీరు రైలెక్కి వచ్చేస్తారు, పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగేది ఆయన. పిల్లల్ని వరసగా నిలబెట్టి తీసే ఫొటోలైతే అసలు వద్దు. మన ఊళ్లకూ తెల్లవాళ్లు వచ్చి అలా తీసుకెళ్లినవాళ్లే, ఆ వరసలో నేనూ నిలబడ్డాను. ఎండలో నిలబెట్టారన్నదే గుర్తుంది.

మనవాళ్లు విదేశీ సేవకు కొత్త కాదు. 1903లోనే జాన్ రంగయ్య గారు నెల్లూరు ప్రాంతం నుంచి దక్షిణాఫ్రికాలోని నేటాల్ వెళ్లారు, అక్కడ కూలికి వెళ్లిన తెలుగువాళ్ల మధ్య సేవ చేయడానికి. ఆయన్ను పంపింది తెల్లదొరలు కాదు, ఇక్కడి తెలుగు బాప్టిస్టులు. ఆ సంఘాల్లో ఎంతమంది తల్లులు గుప్పెడు గుప్పెడు కూడబెట్టి ఉంటారో!

కాబట్టి వెళ్లండి. ముందు అక్కడి పాస్టర్ గారికి ఫోన్ చేసి ఏం పని ఉందో అడగండి, మీరు చెప్పే ప్రసంగాల లిస్టు తర్వాత. కరెంటు పని, తాపీ పని వచ్చినవాళ్లను, హిందీ బాగా వచ్చినవాళ్లను ఒకరినైనా వెంట తీసుకెళ్లండి. హోటల్ కాకుండా ఇళ్లలోనే దిగండి, వంటింట్లో కూర్చోండి. నాట్ల రోజులూ, వాళ్ల దసరా అయిన దసైన్ పండుగ రోజులూ తప్పించుకోండి, అప్పుడు వాళ్లకు ఊపిరాడదు. చేతిఖర్చుకు వంద రూపాయల నోట్లు పెట్టుకోండి, మన వందకు అక్కడ 160 నేపాలీ రూపాయలు ఇస్తారు.