కబర్డ్‌లో ‘పి’ ఎటు పోయింది?

శ్రీకాకుళం నుంచి అడిగిన మేడమ్ గారికి: బట్టలు పెట్టుకునే కబర్డ్ (cupboard)కి కప్పు పేరేంటి, అందులో ‘పి’ ఎందుకు పలకం అని మీ బాబు అడిగాడన్నారు. గట్టి ప్రశ్నే! 14వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో కప్‌బోర్డ్ అంటే కప్పులూ పళ్లేలూ నలుగురికీ కనపడేలా పెట్టే బల్ల. మన శ్రీకాకుళం జిల్లా బుడితి ఊరి ఇత్తడి సామాను గూట్లో వరసగా పేర్చినట్టన్నమాట. బోర్డ్ అంటే అప్పట్లో భోజనం బల్ల కూడా. విజయనగరంలో లాడ్జీల మీద కనిపించే ‘బోర్డింగ్ అండ్ లాడ్జింగ్’లో బోర్డింగ్ అంటే తిండి, అందుకే. తలుపులున్న అలమరాకి ఆ పేరు 16వ శతాబ్దంలో వచ్చింది.

ఇక ‘పి’ సంగతి. ప, బ రెండూ పెదాలు కలిపితేనే పలుకుతాయి. గబగబా అనేసరికి మొదటిది రెండోదాంట్లో కలిసిపోయింది. బాబుని ‘కబర్డ్’ అనే పలకమనండి, డిక్టేషన్‌లో మాత్రం కప్, బోర్డ్ అని విడగొట్టుకుని రాయమనండి. స్పెల్లింగ్ టెన్షన్ ఉండదు.