ఈథర్ ఉందో లేదో మైకెల్సన్–మోర్లీ ప్రయోగం ఎలా పరీక్షించింది?

కాంతి అల అయితే దాన్ని మోయడానికి ఒక మాధ్యమం ఉండాలి కదా అనుకున్నారు, దానికి ఈథర్ అని పేరు పెట్టారు. భూమి సెకనుకు 30 కి.మీ. వేగంతో సూర్యుడి చుట్టూ తిరుగుతోంది కాబట్టి, బండి మీద వెళ్తుంటే ముఖానికి గాలి కొట్టినట్టు మనకు ఈథర్ గాలి తగలాలి.

1887లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో మైకెల్సన్, మోర్లీ అనే శాస్త్రవేత్తలు సగం వెండిపూత ఉన్న గాజుపలకతో ఒక కాంతిపుంజాన్ని లంబ దిశల్లో రెండుగా చీల్చారు. అద్దాల మధ్య అటూ ఇటూ తిప్పి ఒక్కో దారిని దాదాపు 11 మీటర్లకు పెంచి, మళ్లీ కలిపారు. టెలిస్కోప్‌లో వెలుగు, చీకటి పట్టీలు కనిపిస్తాయి. ఈథర్ గాలి ఉంటే దాని దిశలో వెళ్లొచ్చే కాంతికీ, దానికి అడ్డంగా వెళ్లొచ్చే కాంతికీ పట్టే సమయాల్లో తేడా ఉంటుంది కాబట్టి, పరికరాన్ని 90 డిగ్రీలు తిప్పితే ఆ పట్టీలు జరగాలి. ఎంత? భూమి వేగాన్ని కాంతి వేగంతో భాగించి వర్గం చేస్తే పది కోట్లవ వంతు వస్తుంది; రెండు దారులూ కలిపి 22 మీటర్లలో అంత వంతు తీసుకుని కాంతి తరంగదైర్ఘ్యంతో భాగిస్తే సుమారు 0.4 పట్టీ.

అసలు తలనొప్పి కంపనాలు. 1881లో మైకెల్సన్ ఇదే ప్రయోగాన్ని తొలిసారి చేసినప్పుడు బెర్లిన్‌లో వీధి రద్దీ వల్ల పట్టీలు నిలవలేదు, పరికరాన్ని పాట్స్‌డామ్‌కు తరలించాల్సి వచ్చింది. అందుకే ఈసారి మీటరున్నర చదరం, 30 సెం.మీ. మందం ఉన్న ఇసుకరాతి బండను పాదరసం మీద తేల్చారు. ఆపి కదిపితే బండలో ఒత్తిడి మారుతుంది. అందుకని ఆరు నిమిషాలకో చుట్టు చొప్పున ఆపకుండా తిప్పుతూ, చుట్టుకు 16 చోట్ల కొలత తీశారు.

కనిపించిన జరుగుడు 0.02 పట్టీకన్నా తక్కువ, అంటే అనుకున్న ఈథర్ గాలి జాడ లేదు. ఈథర్‌ను భూమి తనతోపాటే లాక్కెళ్తోందందామా? అప్పుడు ఖగోళ శాస్త్రవేత్త బ్రాడ్లీ కనిపెట్టిన నక్షత్ర విచలనం, అంటే భూమి కదలిక వల్ల నక్షత్రాలు కాస్త పక్కకు జరిగినట్టు కనిపించడం, అడ్డొస్తుంది; ఈథర్ భూమితోపాటే కదిలితే అలా కనిపించకూడదు.