మలీద సంగతి తర్వాత, ముందు ఆ పెదవుల వాపు సంగతి చూద్దాం

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది కల్వకుర్తి దగ్గర పల్లె. మా మనవడికి 8 ఏళ్లు. ఏడాదిగా కడుపునొప్పి, ఉబ్బరం, అప్పుడప్పుడు విరేచనాలు. బరువు పోయినేడూ 18 కిలోలే, ఇప్పుడూ 18 కిలోలే. మా కోడలు ఫోన్‌లో వీడియోలు చూసి రెండు నెలల నుంచి చపాతీలు, పూరీలు బంద్ పెట్టింది. గ్లూటెన్ పడదట. కొంచెం నయమనిపిస్తోంది. కోడలికి కూడా ఎప్పుడూ రక్తం తక్కువే, ఐరన్ గోళీలు ఎన్ని మింగినా పెరగదు. పోయిన బతుకమ్మకు పల్లి సత్తు తిన్నాక పిల్లాడికి పెదవులు వాచి, వాంతులై, దగ్గు పట్టుకుంది. ఊళ్లో డాక్టరు సూది వేస్తే తగ్గింది. అప్పటి నుంచి పల్లీలు తగ్గించాం, అలర్జీ గోళీలు ఇంట్లో ఉంచుకున్నాం. వాడు మలీద, పోలెలు, సర్వపిండి కావాలని ఏడుస్తున్నాడు. గోధుమ, పల్లీ లేకుండా ఇవి ఎలా చేయాలి? గ్లూటెన్ లేని పిండి ఆన్‌లైన్‌లో తెప్పించమంటారా?
– ఒక నాయనమ్మ, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: అమ్మా, మీరు అడిగింది వంట గురించి. నాకు మాత్రం పల్లి సత్తు దగ్గరే చూపు ఆగిపోయింది. మీరు ఒక్క ముక్కలో రాసి దాటేశారు. పెదవుల వాపు, వాంతులు, దగ్గు, మూడూ ఒకేసారి వచ్చాయంటే అది మామూలు దద్దుర్ల అలర్జీ కాదు. ఒంట్లో రెండు మూడు చోట్ల ఒకేసారి లేచిన అలర్జీని మేము అనఫిలాక్సిస్ అంటాం. గొంతు వాచి, బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. పిల్లాడిని చూడకుండా అదే అని తేల్చి చెప్పలేను కానీ, కాదని రుజువయ్యేదాకా అదే అనుకుని జాగ్రత్త పడాలి.

ఊళ్లో వేసిన సూది ఏమిటో మీరు రాయలేదు, మీకు చెప్పి కూడా ఉండరు. సాధారణంగా అలాంటప్పుడు ఏవిల్ అనే అలర్జీ మందు, డెక్సా అనే స్టెరాయిడ్ వేసి పంపిస్తుంటారు. వాటితో దురద, దద్దుర్లు తగ్గుతాయి. మూసుకుపోతున్న గొంతును తెరిచేది, పడిపోతున్న బీపీని నిలబెట్టేది అడ్రినలిన్ ఒక్కటే. దాన్ని తొడ కండకు వేయాలి, ఆలస్యం లేకుండా వేయాలి. ఆ రోజు తగ్గింది సూది వల్లో, పిల్లాడి అదృష్టం వల్లో నేను చెప్పలేను. పోయినసారి ఇంతే వచ్చింది కాబట్టి ఈసారీ ఇంతే వస్తుందన్న లెక్క ఈ జబ్బులో పనికిరాదు.

మీరు ఇంట్లో ఉంచుకున్న గోళీలు బహుశా సెట్రిజిన్ అయి ఉంటాయి. పారేయమనను, ఒంటి మీద నాలుగు దద్దుర్లు వస్తే డాక్టరు చెప్పిన మోతాదులో అది సరిపోతుంది. నా భయం వేరు. గోళీ వేశాం కదా, పది నిమిషాలు చూద్దాం అంటూ కూర్చుంటారు. ఆ పది నిమిషాలే ఖరీదైనవి. మెడికల్ షాపులో ఒక షీటు కొని అల్మారాలో పెట్టుకుంటే ధైర్యంగా ఉంటుంది, నిజమే. ఆ ధైర్యంతోనే ఆలస్యం చేసి ఆఖరి నిమిషంలో ఆసుపత్రికి పరుగెత్తుకొచ్చిన వాళ్లను నా సర్వీసులో చాలామందిని చూశాను. మళ్లీ ఎప్పుడైనా పల్లీ తిన్నాక పెదవులు, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా, గొంతు మారినా, వాంతులతో సోలిపోయినా గోళీ వెతుక్కోకుండా 108కి ఫోన్ చేయండి. ఎక్కువ చోట్ల 108 రాకముందే బండి మీద తీసుకెళ్తామంటారు. అలా కూర్చోబెట్టి తేవద్దు, పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగా పెట్టాలి. ఊపిరి ఆడకపోతే మాత్రం కూర్చోనివ్వండి. తగ్గినట్టు కనిపించినా ఆసుపత్రిలో కొన్ని గంటలు ఉంచాల్సిందే, రెండోసారి తిరగబెట్టే అవకాశం ఉంది.

ఇంట్లో అడ్రినలిన్ పెట్టుకోవాలా, ఎంత మోతాదు, ఎవరు వేయాలి అన్నవి పిల్లాడిని చూసిన డాక్టరే రాసివ్వాలి, వేసే పద్ధతి మీ చేత చేయించి మరీ నేర్పాలి. ఇక్కడ చదివి కొనకండి.

పల్లీలు "తగ్గించాం" అన్నారు. తగ్గించడం అంటూ ఉండదమ్మా, పరీక్ష అయ్యేదాకా పూర్తిగా మానిపించాలి. మన పాలమూరులో ఇది చెప్పినంత తేలిక కాదని నాకూ తెలుసు. పంట వచ్చినప్పుడు వాకిట్లో పల్లికాయ ఎండబోస్తారు, పిల్లలు ఆడుకుంటూ ఒలుచుకు తింటారు. చట్నీలో పల్లీ, వంకాయ కూరలో పల్లీ, కొన్ని ఇళ్లలో పచ్చిపులుసులో కూడా పల్లిపొడి. ఇప్పుడు గానుగ నూనె మోజొకటి. గానుగ పట్టిన పల్లి నూనెలో అలర్జీ తెప్పించే ప్రొటీన్ మిగిలి ఉంటుంది, అది వాడికి వద్దు. రిఫైన్డ్ పల్లి నూనె చాలామందికి పడుతుంది కానీ, చూపించుకునేదాకా ఇంట్లో వేరే నూనె వాడండి. బళ్లో టీచరుకు, మధ్యాహ్న భోజనం వండే అక్కకు మీరే వెళ్లి చెప్పండి. పుట్టినరోజు అని పక్కవాడు చేతిలో పెట్టే పల్లీ పట్టీని అక్కడ మీరు ఆపలేరు.

ఇంకొక మాట, వందల పదార్థాలకు ఒకేసారి అలర్జీ టెస్టు అని ల్యాబుల్లో ప్యాకేజీలు అమ్ముతున్నారు. చేయించకండి. తింటున్నా ఏమీ కాని వస్తువులకు కూడా అందులో పాజిటివ్ వస్తుంది. ఆ కాగితం పట్టుకుని పాలు, గుడ్డు, పప్పు అన్నీ మాన్పించిన తల్లులు నా దగ్గరికి వస్తుంటారు. అసలే 18 కిలోల పిల్లాడు.

ఇప్పుడు గోధుమ. కోడలి మీద కోపం లేదు, బిడ్డ ఎదగట్లేదని ఆ అమ్మాయి వెతుక్కుంది. కానీ పరీక్ష చేయించకుండా మాన్పించడమే తప్పయింది. గ్లూటెన్ అనేది గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే ప్రొటీన్. కొందరిలో అది తిన్నప్పుడల్లా ఒంటి రక్షణ వ్యవస్థ సొంత పేగు మీదే దాడి చేస్తుంది. దాన్ని సీలియాక్ జబ్బు అంటాం. గోధుమ ఎక్కువ తినే ఉత్తర భారతంలో ఎక్కువ, మన వైపు చాలా తక్కువ. తక్కువ కాబట్టే మేమూ కొన్నిసార్లు ఆలస్యంగా అనుమానిస్తాం. ఎదుగుదల ఆగడం, ఉబ్బరం, విరేచనాలు, ఇవన్నీ దానికి సరిపోతాయి. నులిపురుగులకు, జియార్డియా అనే పేగు క్రిమికి, పాలు పడకపోవడానికి కూడా సరిపోతాయి. అందుకే పరీక్ష.

చిక్కేమిటంటే ఈ రక్తపరీక్ష, టీటీజీ ఐజీఏ అంటారు, మనిషి గోధుమ తింటూ ఉన్నప్పుడే నిజం చెబుతుంది. మానేసిన కొద్దీ రక్తంలో ఈ జబ్బును పట్టించే యాంటీబాడీలు తగ్గిపోతాయి, పేగు కూడా మానుతుంది. అప్పుడు పరీక్ష చేస్తే జబ్బు ఉన్నా లేనట్టే వస్తుంది. ఎండోస్కోపీ చేసి పేగు ముక్క తీసినా అదే తంటా. సరిగ్గా తెలియాలంటే రోజూ ఒకటి కంటే ఎక్కువ పూటలు గోధుమ తింటూ కనీసం 6 వారాలు గడవాలి. అలాగని ఇది చదివి రేపే పూరీలు మొదలుపెట్టకండి. గోధుమ తిన్న గంటా రెండు గంటల్లో ఎప్పుడైనా దద్దుర్లు, దగ్గు వచ్చాయా? వస్తే అది గోధుమ అలర్జీ కావచ్చు, దాని దారే వేరు, ఇంట్లో పెట్టి చూడకూడదు. ముందు పిల్లాడిని చూపించండి, ఎప్పుడు మొదలుపెట్టాలో అక్కడ చెబుతారు.

ఒకటి అడుగుతాను. చపాతీ, పూరీ బంద్ అన్నారు. పొద్దున చాయ్‌లో బిస్కట్, రస్క్? బళ్లో బన్ను? సేమియా, బొంబాయి రవ్వ ఉప్మా? ఇవన్నీ గోధుమే. అవి నడుస్తూ ఉంటే పిల్లాడు గ్లూటెన్ మానలేదన్నమాట. కొంచెం నయమనిపించడం వేరే కారణంతో అయి ఉండొచ్చు, మనకు పరీక్షా తేలికవుతుంది. 8 ఏళ్ల పిల్లాడికి చాయ్ ఎందుకని కూడా అడగాలి, అన్నంతో పాటు చాయ్ తాగితే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు.

కోడలి విషయం మీరు పక్కమాటగా రాశారు, నేను అలా తీసుకోవట్లేదు. ఐరన్ మింగినా రక్తం పెరగకపోవడానికి నెలసరిలో రక్తం ఎక్కువ పోవడం దగ్గర్నుంచి చాలా కారణాలు ఉంటాయి, వాటిలో సీలియాక్ ఒకటి. పిల్లాడికి సీలియాక్ అని తేలితే తల్లికీ, తోడబుట్టిన వాళ్లకూ పరీక్ష తప్పనిసరి. ఆ అమ్మాయి కూడా కొడుకుతో పాటు గోధుమ మానేసిందా అన్నది కనుక్కోండి. పరీక్ష అయ్యేదాకా ఆమె మానకూడదు.

సరే, వంట. పల్లీ ఎలాగూ వద్దు కాబట్టి ఆ భాగం ఈ రోజు నుంచే పనికొస్తుంది. గోధుమ భాగం రోగం తేలాక.

సర్వపిండిలో గోధుమ ఎప్పుడూ లేదు కదమ్మా, బియ్యప్పిండే. పల్లీ ఒక్కటే అడ్డం. దాని బదులు నానబెట్టిన శనగపప్పు ఇంకో గుప్పెడు వేయండి, పచ్చికొబ్బరి ముక్కలు వేసినా పంటికి తగులుతాయి. నువ్వులు ఇంతకుముందు తిని ఏమీ కాకపోతేనే, ఎందుకంటే నువ్వుల అలర్జీ కూడా ఉంటుంది. అందరికీ పల్లీలతో ఒత్తి, వాడి ముక్కలో ఏరేసి పెట్టడం పనికిరాదు. వాడిది వేరే గిన్నెలో, ముందుగా చేయండి. పల్లిపొడి పట్టిన మిక్సీ జారులో వాడి కారం తిప్పకండి, ఆ మూత రబ్బరు కింద ఎంత పొడి ఇరుక్కుని ఉంటుందో ఒకసారి తీసి చూడండి.

మలీద మా అమ్మ సజ్జ రొట్టెతో చేసేది. జొన్నతోనూ అవుతుంది. ఎసరు నీళ్లతో పిండి కలపడం మీకు నేను చెప్పాలా? ఆ ఉడుకు నీళ్లకు పిండిలోని గంజి జిగురు తేలుతుంది, అందుకే గ్లూటెన్ లేకపోయినా రొట్టె నిలుస్తుంది. రొట్టె వేడిగా ఉండగానే చేత్తో నలిపి, నెయ్యి, యాలకులు వేసి, బెల్లం తురిమి వేసే బదులు కొంచెం నీళ్లలో కరగబెట్టి పోస్తే ముద్ద కడుతుంది, లేకపోతే పొడిపొడిగా రాలుతుంది. పోలెలు మాత్రం కుదరవు. బియ్యప్పిండితో ప్రయత్నిస్తే పెనం మీద పగులుతుంది, పూర్ణం బయటికొస్తుంది. అదే పూర్ణాన్ని బియ్యప్పిండి కుడుముల్లో పెట్టి ఆవిరి పట్టండి. పోలె కాదని వాడు ఒక రోజు అలుగుతాడు. సకినాలు, అరిసెలు, మక్క గారెలు, జొన్న గటక, తైద అంబలి, వీటిలో గోధుమ ఊసే లేదు. అందుకే ఆన్‌లైన్ పిండికి డబ్బు పోయకండి, చాలావాటిలో గంజిపిండే ఎక్కువ, మన జొన్నకున్న బలం వాటికి లేదు.

సీలియాక్ అని తేలితే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది గిర్ని. ముందు ఒకరు గోధుమలు పట్టించుకుని వెళ్తారు, ఆ రాళ్ల మధ్య, గుడ్డ గొట్టంలో వాళ్ల పిండి ఉంటుంది, మీ జొన్నలు దాని మీదే పడతాయి. మొదటి కిలో పక్కన పెడతామంటారు, అది చాలదు. ఇంట్లో మిక్సీలో పట్టుకోవడం మేలు. గ్లూటెన్ లేనిదని ప్యాకెట్ మీద రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి ఉండకూడదని మన ఆహార భద్రతా సంస్థ నియమం, అంత సన్నటి లెక్క ఇది. పచ్చ చుక్క చూసి నమ్మకండి, అది శాకాహారం గుర్తు మాత్రమే.

నా దగ్గరికి వచ్చే ఒక పాపకు ఏడాదిగా గోధుమ పెట్టట్లేదు, అయినా యాంటీబాడీలు తగ్గలేదు. వంటింట్లో ఉన్న డబ్బాలన్నీ సంచిలో వేసుకుని రమ్మన్నాను. కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కొక్కటీ చదివితే, పసుపు రంగు ఇంగువ డబ్బా వెనక చిన్న అక్షరాల్లో గోధుమ పిండి అని ఉంది. ఇంగువను అలా పిండిలో కలిపే అమ్ముతారు. అదొక్కటే కారణమని అనను, ఆ ఇంట్లో తాతకు చపాతీలు ఒత్తిన పీట మీదే పాప రొట్టె కూడా కొట్టేవారు. చిన్న పిల్లలున్న ఇళ్లకు ఇంకొకటి, అంగన్‌వాడీ బాలామృతంలో ముఖ్యమైనది గోధుమే. మాల్ట్ పొడుల్లో బార్లీ ఉంటుంది.

వారంలోపు పిల్లల డాక్టరుకు చూపించండి. నాగర్‌కర్నూల్, మహబూబ్‌నగర్ రెండు చోట్లా మెడికల్ కాలేజీ ఆసుపత్రులున్నాయి, ఎండోస్కోపీ అవసరమైతే అక్కడి నుంచి హైదరాబాద్ పంపుతారు. పోయినేడు బరువు రాసిన చీటీ, ఇంట్లో ఉన్న ఆ గోళీల షీటు, కోడలి పాత రక్తపరీక్షలు, ఇంగువ డబ్బా తీసుకెళ్లండి. ఊళ్లో వేసిన సూది పేరు అడిగి కాగితం మీద రాయించుకోండి, చెప్పనంటే ఖాళీ సీసా ఏదన్నా ఉందేమో అడగండి. టీటీజీ రక్తపరీక్షకు పరగడుపు అక్కర్లేదు, పిల్లాడికి అన్నం పెట్టే తీసుకెళ్లండి.