ఎంత శాతం దాకా ఫరవాలేదని అడిగావు

చిరంజీవికి,

నీ పరిశోధన పత్రం చదివాను. మొదటి మూడు పేజీలు బాగానే ఉన్నాయి. నాలుగో పేజీలో వేరే మనిషెవరో మాట్లాడటం మొదలుపెట్టాడు. అప్పటిదాకా తడబడుతూ నడిచిన వాక్యాలు ఉన్నట్టుండి ఇస్త్రీ చొక్కాలు తొడుక్కున్నాయి. పట్టుకోవడానికి నాకు సాఫ్ట్‌వేర్ అక్కర్లేకపోయింది. పైగా ఉత్తరంలో, "సిమిలారిటీ ఎంత శాతం దాకా ఫరవాలేదండీ?" అని అడిగావు.

ఈ శాతాల జబ్బు నీకు ఎవరో అంటించారు. టర్నిటిన్ లాంటి సాఫ్ట్‌వేర్లు నీ మాటలు ఇంకెక్కడి మాటలతో కలిశాయో చూపిస్తాయి, అంతే. పేరు చెప్పి, కొటేషన్ మార్కుల్లో పెట్టిన వాక్యం కూడా, సెట్టింగుల్లో వదిలేయమనకపోతే, లెక్కలోకి వస్తుంది. ఇంకొకరి ఆలోచనను మాటలు మార్చి, పేరు మింగేసి రాస్తే మాత్రం సున్నా చూపించినా చూపిస్తుంది.

నువ్వు చేసింది ఆ రెండోదే. 'కారణం' ఉన్నచోట 'హేతువు', 'ప్రభావం' ఉన్నచోట 'ప్రాబల్యం'. వాక్యంలో ఎముకలన్నీ ఆ అసలు రచయితవే. దీన్ని ప్యాచ్‌రైటింగ్ అంటారు. ఈ దారి ఎక్కడికి పోతుందో 2021లో ఫ్రెంచ్ కంప్యూటర్ శాస్త్రవేత్త గియోమ్ కబానాక్, ఆయన సహచరులు చూపించారు. అచ్చయిన సైన్స్ పత్రాల్లో 'కృత్రిమ మేధ' ఉండాల్సినచోట 'నకిలీ చైతన్యం' అని అర్థమొచ్చే ఇంగ్లీషు మాటలు కనబడ్డాయి! పర్యాయపదాలు గుచ్చే యంత్రాల నిర్వాకమని వాళ్ళ అనుమానం.

నేనేం సత్యహరిశ్చంద్రుణ్ణి కాదు. కుర్రతనంలో నచ్చిన వాక్యాలు నోట్‌బుక్‌లో ఎక్కించేవాణ్ణి. కొటేషన్ మార్కుల్లేవు, పేజీ నంబర్లేవు. రెండేళ్ళ తర్వాత వాటిలో ఒకటి చూసి, అబ్బ ఎంత బాగా రాశాననుకుని వ్యాసంలో పెట్టేశాను. ఒక పెద్దాయన కార్డు రాశారు: "ఆ వాక్యం నాది. మీకు నచ్చినందుకు సంతోషం." తిట్టినా బాగుండేది. అదే వ్యాసంలో నేను సరిగ్గా పేర్లు చెప్పిన ఫుట్‌నోట్లను చోటు చాలదని సగం కోసేసిన సంపాదకుడు, ఆ కార్డు చూశాక నాకు నిజాయితీ మీద క్లాసు పీకాడు. ఆయన సంగతి ఇంకోసారి.

అప్పట్నుంచి నాదొకటే పట్టుదల. దొంగతనం జరిగేది నోట్సు రాసుకునేటప్పుడే. ఎత్తిరాసిన ప్రతి ముక్కకీ అప్పటికప్పుడే కొటేషన్ మార్కులు, పేరు, పేజీ నంబరు పడాలి. సొంత మాటల్లో రాయాలంటే పుస్తకం మూసెయ్. కాసేపు అటూ ఇటూ తిరిగొచ్చి, ఎవరికో చెబుతున్నట్టు రాయి. తర్వాత తెరిచి పోల్చుకో. అప్పుడైనా పేరు చెప్పాల్సిందే, ఆలోచన ఆయనది కదా. పుస్తకం మూశాక ఒక్క ముక్కా రాకపోతే, నీకింకా అర్థం కాలేదన్నమాట.

ఏ జర్నల్‌కి పంపాలన్నది ఇప్పుడొద్దు. నాలుగో పేజీ మళ్ళీ రాసి పంపు, తడబడినా సరే. ఈసారి ఆ అసలు రచయిత పేరు పెట్టు, ఇంటిపేరులో తప్పు లేకుండా.