గుడ్లు పొదగకపోతే ముందు మిషన్‌ను అనుమానించకండి

ఇంక్యుబేటర్లో 30 నాటుకోడి గుడ్లు పెడితే తొమ్మిదే పిల్లలయ్యాయి, మిషన్ మార్చాలా అని అడిగారు. మార్చొద్దండి. మిగిలిన 21 గుడ్లు పారేయకుండా పగలగొట్టి చూడండి.

మాది చెన్నై మాధవరం. డాబా మీద పదకొండు పెట్టలు, ఒక డేగ పుంజు. రెండేళ్ల కిందట మే నెలలో 24 గుడ్లు పెడితే ఏడు పిల్లలే వచ్చాయి. పుంజు ముసలిదైంది, మార్చేయమని పక్కింటాయన అన్నారు. నేనూ నమ్మి బేరం మాట్లాడేశాను. 22వ రోజు రాత్రి మా అమ్మ పైకొచ్చి, "పారేసే ముందు ఒకసారి లోపల ఏముందో చూడరా" అంది.

పాత పేపరు పరిచి, ముక్కుకు తువ్వాలు కట్టుకుని, ఫోన్ లైటు వెలుగులో 17 గుడ్లూ ఒక్కొక్కటే పగలగొట్టాం. మూడింటిలో ఉత్త సొనే ఉంది, అవి పుంజు తొక్కని గుడ్లు. రెండింటిలో పిల్ల పూర్తిగా తయారై, తడి నూగుతో, పెంకు పొడవకుండానే చచ్చిపోయి ఉంది. మిగతా పన్నెండింటిలో సొన మీద దారమంత సన్నగా ఎర్రటి వలయం. పిండం మొదలై, మొదటి రోజుల్లోనే పోయిందని దాని అర్థం. అంటే పుంజు పని పుంజు చేసింది. మర్నాడే బేరం వద్దని చెప్పేశాను.

తప్పు నేను గుడ్లు దాచిన తీరులో ఉంది. రోజుకు ఒక్కసారి, సాయంత్రం ఏరి, వంటింట్లో పొయ్యి పైనున్న అలమరలో పన్నెండు రోజులు పోగేశాను. పిండం కదలడానికి మిషన్లోని 37.5 డిగ్రీలే అక్కర్లేదు, సుమారు 21 దాటితే చాలు, మెల్లగా మొదలైపోతుంది. మేలో మా వంటింట్లో రాత్రి కూడా 30 పైనే. అటు పెరగలేక, ఇటు నిద్రపోలేక అది నీరసించి, మిషన్లోకి వెళ్లాక చచ్చిపోతుంది. నెల్లూరులో మా అమ్మమ్మ రోహిణి కార్తెలో పెట్టను పొదగేసేదే కాదు. ఎందుకో నాకు ఆ రాత్రి అర్థమైంది.

ఆ తర్వాత రోజుకు మూడుసార్లు గుడ్లు ఏరుతున్నాను. ఎండ తగలని గదిలో, తడి ఇసుకలో కూర్చోబెట్టిన మట్టికుండలో పొడిగా ఉంచి, ఐదో రోజు దాటకుండా మిషన్లో పెడుతున్నాను. అదే పుంజు, అదే మిషన్, 24కి 18 పిల్లలు.

ఇంకో విషయం, ఇది నాకు నిజంగా కోపం తెప్పిస్తుంది. వీడియోల్లో ప్రతివాడూ మొదటి రోజు నుంచే "నీళ్లు పోయండి" అంటాడు. మొదటి 18 రోజులు తేమ 50, 55 శాతం ఉంటే చాలు. చెన్నైలో నా మిషన్ చుక్క నీళ్లు పోయకుండానే 50 చూపిస్తుంది. ఆ మాటలు నమ్మి నీళ్లు పోస్తే గుడ్డులో నీరు తగ్గదు, మొద్దు చివరన గాలి గది పెరగదు, పిల్ల ఊపిరాడక పోతుంది. నా ఆ రెండు పిల్లలూ అలా పోయినవే. చివరి మూడు రోజులే 65, 70కి పెంచాలి, అప్పుడు మూత తీయకూడదు.

మేత కూడా చూసుకోండి. లేయర్ మేతే చాలని కొట్టువాడు అంటగట్టాడు. అది తినే గుడ్ల కోసం చేసింది, పిల్లకు కావలసిన విటమిన్లు అందులో సరిపోవు. నాకు వచ్చిన ఆ ఏడు పిల్లల్లో రెండు, కాలి వేళ్లు ముడుచుకుపోయి నడవలేకపోయాయి.

మీవి పగలగొట్టాక ఎన్నింటిలో ఎర్ర వలయం ఉందో, గాలి గది ఎంతుందో ఇక్కడే రాయండి.